కాళ్ల డాక్టరమ్మ కారు బేరం

ఆమెను పేషెంట్లందరూ కాళ్ల డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆమె డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు. ఆ మాటకు నోరు తిరగనివాళ్లే ఆమె దగ్గర ఎక్కువ. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయినవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మంచం దిగడానికి జంకేవాళ్లు, బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు. వాళ్లు ఇల్లు కదల్లేరు కాబట్టి ఆమే ఇల్లిల్లూ తిరుగుతుంది. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేదాకా ఒకరి కాలు ఎత్తి దించడం, ఇంకొకరి మోచెయ్యి వంచి చాపడం, మరొకరిని చంకల కింద చేతులు వేసి లేపి, గోడ పట్టించి నిలబెట్టడం. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని రోజంతా అనీ అనీ, ఇంటికొచ్చాక భర్త మంచినీళ్ల గ్లాసు అందిస్తే కూడా నోట్లోంచి అదే మాట వచ్చేది.

అందరి కాళ్లూ చేతులూ మాట వినేలా చేసిన మనిషికి, యాభై దగ్గరపడేసరికి సొంత నడుము మాట వినడం మానేసింది.

ఈ తిరుగుడంతటికీ ఆధారం ఒక పాత కారు. మామగారు వాడి వాడి వదిలిపెట్టినది. వెనక సీటు పీకించి, ఆ జాగాలో వాకరు, వ్యాయామానికి కాళ్లకు కట్టే ఇసుక సంచులు, నొప్పులకు కరెంటు పెట్టే మిషను, రబ్బరు పట్టీలు పడేసుకునేది. దాని ఎడమ అద్దం దిగితే ఎక్కేది కాదు. ఎండాకాలంలో హీటరు తనంతట తానే వేసుకునేది. ఇంట్లో పెద్దవాళ్ల చాదస్తానికి అలవాటు పడ్డట్టు ఆమె దానికి అలవాటు పడిపోయింది. ఒకరోజు ఫ్లైఓవరు ఎక్కుతుండగా సగంలో పొగ కక్కి ఆగిపోయింది. వెనక బండ్లవాళ్లు హారన్లతో చెవులు తూట్లు పొడుస్తుంటే, ఆమె స్టీరింగు మీద తల ఆన్చి అలాగే కూర్చుండిపోయింది. దిగి సర్దిచెప్పుకునే ఓపిక కూడా లేదు.

మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అక్కా, చెయ్యమంటే చేస్తాను. చేశాక నెల తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తావు. అది నాకు మంచిదే. నీకే కాదు" అన్నాడు.

కొత్త కారు కొనక తప్పదని అప్పుడే తేలిపోయింది. 

ఆమె భర్త ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటాడు. వెన్నలాంటి మనిషి. దుకాణదారు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేసి, పైగా "మీకు గిట్టుబాటైందా అండీ?" అని అడిగే రకం. కారు మాట ఎత్తగానే, "నన్ను తీసుకెళ్తే రెండు కార్లు అంటగట్టి పంపిస్తారు. మీ అన్నయ్యకు చెప్పు" అని చేతులెత్తేశాడు.

అన్నయ్యకు చెప్పడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆయన ఒక ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. బోల్టులు, రంగు డబ్బాలు, గ్రీజు, చేతి తొడుగులు, ఏది కొన్నా అమ్మేవాడి చేత అబ్బా అనిపించి కొన్న మనిషి. రిటైరయ్యాక బేరమాడటానికి చేతిలో ఏమీ మిగల్లేదు. కొన్నాళ్లు కూరగాయల మీద పడ్డాడు. బండ్లవాళ్లు ఆయన్ని దూరం నుంచి చూసి సందు మార్చడం మొదలుపెట్టాక వదిన సంచీ ఆయన చేతిలోంచి లాగేసుకుంది. అలాంటి మనిషికి చెల్లెలు కారు కొంటోందని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. బీరువాలోంచి ఆఫీసు చొక్కా తీసి, ఇస్త్రీ చేయించి, జేబుకు పెన్ను తగిలించుకుని వచ్చాడు.

షోరూమ్ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెల్లెలికి పాఠం చెప్పాడు.

"కారు నచ్చినట్టు మొహంలో కనపడకూడదు. దాని మీద చెయ్యి కూడా వెయ్యకు. రంగులేమున్నాయని అడక్కు. రంగు అడిగావంటే కొనేసినట్టే వాళ్ల లెక్క."

"మరేం అడగాలి?"

"నువ్వేం అడక్కు, నేనడుగుతా. నువ్వు ఏదీ నచ్చనట్టు ఉండు చాలు."

"ఎలా ఉండాలి?"

"ఇప్పుడు ఎలా ఉన్నావో అలాగే."

లోపల అన్నయ్య ఆట మొదలైంది. ఆయన చెప్పేవన్నీ సబబైన సంగతులే, అందులో అనుమానం లేదు. షోరూమ్ ధర వేరు, పన్నులూ రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ కలిపి రోడ్డెక్కే ధర వేరు కాబట్టి, మొత్తం ఎంతో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. ఇన్సూరెన్సు బయట చవగ్గా దొరుకుతుందన్నాడు. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక పద్దు కనిపిస్తే, "కారుకు చక్రాలున్నాయి కదా, మీరు భుజాన మోసుకొచ్చారా?" అని కొట్టేయమన్నాడు. పాత కారును ఎక్స్ఛేంజికి ఇచ్చే సంగతి మాత్రం చివరిదాకా పైకి రానివ్వకూడదని చెల్లెలికి కళ్లతోనే సైగ చేశాడు. జుట్టు నున్నగా దువ్వుకున్న అమ్మకాల కుర్రాడు కొంత తగ్గించాడు. అన్నయ్య ఇంకా తగ్గించమన్నాడు. వాడు నీళ్లు నమిలాడు. అన్నయ్య కుర్చీ చప్పుడయ్యేలా లేచాడు.

"పదవే. వెనక్కి చూడకు. పిలుస్తారు."

ఇద్దరూ తలుపు దాకా నడిచారు. పిలవలేదు. మెట్లు దిగారు. పిలవలేదు. సెక్యూరిటీ మనిషి గేటు బార్లా తెరిచి నమస్కారం పెట్టాడు. రోడ్డు దాటి బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. అన్నయ్య ఓరకంట షోరూమ్ వైపే చూస్తున్నాడు. ఆమె ఆ పూట ఇద్దరు పేషెంట్లను మానుకుని వచ్చింది.

"రేపు ఫోన్ చేస్తారు చూడు" అన్నాడు అన్నయ్య.

మర్నాడు నిజంగానే ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి, పర్సనల్ లోన్ ఏమైనా కావాలా అని.

ఇంకో షోరూమ్‌లో దాదాపు కుదిరింది. సీటు కవర్ల దగ్గర చెడింది. అన్నయ్య వాటిని ఊరికే ఇమ్మన్నాడు, వాళ్లు సగం ధరకిస్తామన్నారు, మళ్లీ కుర్చీ చప్పుడైంది. రోజూ పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోన్. "ఓపిక పట్టవే. మనకు అవసరముందని వాళ్లకు తెలిసిందంటే అయిపోయామే." ఆమె ఊఁ కొట్టేది. అవసరం వాళ్లకు తెలియకపోవచ్చుగానీ ఆమె నడుముకు బాగా తెలుస్తోంది.

ఈ లోగా బస్సులే గతి. ఒక భుజాన కరెంటు మిషను, ఇంకో చేతిలో ఇసుక సంచులు. వాకరును ఇంట్లోనే వదిలేసింది. "ఏంటమ్మా ఈ ఇసుకంతా, ఇల్లు కట్టిస్తున్నావా?" అని కండక్టరు నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చిందిగానీ పైకి రాలేదు. బస్సు దిగి సందులన్నీ నడిచి వెళ్లేసరికి ఏ ఇంటికైనా ఆలస్యమే. కొందరు విసుక్కున్నారు. ఒకావిడ వేరే మనిషిని పెట్టుకుంది.

ఆమె పేషెంట్లలో రిటైరైన పోస్టుమాస్టరుగారు ఒకాయన. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పక్షవాతంతో కుడిపక్కంతా పడిపోయి, మాట కూడా పోయింది. నెలల తరబడి ఆయన నుంచి వినిపించింది గొంతులోంచి వచ్చే మూలుగులే. ఆ నెలాఖరున ఒక మధ్యాహ్నం ఆమె సంచులతో మెట్లెక్కి వెళ్లి, గోడకు ఆనుకుని ఊపిరి అందక నిలబడిపోయింది. మంచం మీద పెద్దాయన ఆమె వంకే చూస్తున్నాడు. మంచి చెయ్యి ఎత్తి పక్కనున్న కుర్చీ చూపించాడు. పెదవులు వంకర పోతుండగా ఎంతో కష్టపడి ఒక మాట బయటికి తోశాడు.

"కూ... కూర్చో."

వంటింట్లోంచి ఆయన కూతురు పరుగెత్తుకొచ్చింది. "నాన్న మాట్లాడారు! మేడమ్, విన్నారా? నాన్న మాట్లాడారు!" అని ఏడుస్తూ ఆమెను కావలించుకుంది. కాళ్ల డాక్టరమ్మ కూర్చుంది. సంతోషపడాల్సిన సమయమే. కానీ ఆ మాట పలికించింది తన వైద్యం కాదని, తన వాలకమని ఆమెకు తెలుస్తూనే ఉంది. లేవలేని మనిషికి కూడా తనను చూస్తే జాలేస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లే బస్సు, అన్నయ్యతో ఇంకా వెళ్లని ఒక షోరూమ్ ముందు ఆగింది. అద్దాల వెనక దీపాల వెలుగులో కార్లు నిగనిగలాడుతున్నాయి. ఆమె ఆలోచించలేదు. సంచులు తీసుకుని దిగిపోయింది. అన్నయ్యకు ఫోన్ కూడా చేయలేదు.

ఎదురొచ్చిన సేల్స్‌మన్‌కు ముప్పై దాటి ఉంటాయి. నవ్వు మొహానే ఉందిగానీ, బరువంతా ఎడమ కాలి మీదే వేసి కుడి మడమ నేలకు ఆననివ్వకుండా నిలబడుతున్నాడు. ఆమె కళ్లు ముందు అక్కడికే పోయాయి.

"ఏ మోడల్ చూపించమంటారు మేడమ్?"

"చిన్నది. వెనక సీటు మడిస్తే సామాను పట్టాలి. అమ్ముడుపోకుండా యార్డులో ఉండిపోయింది ఏదైనా ఉంటే అదే ఇవ్వండి. రంగు ఏదైనా ఫర్వాలేదు."

ఆ మాట వ్యూహమేమీ కాదు. ఆమెకు నిజంగానే ఏ రంగైనా ఒకటే. సేల్స్‌మన్ మాత్రం ఈవిడ బేరంలో ఆరితేరిన మనిషేమోనని మనసులో జాగ్రత్త పడ్డాడు. కొన్ని నెలలుగా కదలని బూడిద రంగు కారు ఒకటుందని చెప్పాడు, తిప్పి చూపించాడు, కాగితం మీద ధర వేసిచ్చాడు. ఆమె అన్నయ్య పాఠంలోంచి గుర్తున్నవి రెండు ముక్కలు అప్పజెప్పింది. ఇన్సూరెన్సు బయట తీసుకుంటాను. ఈ హ్యాండ్లింగ్ పద్దు కొట్టేయండి. అతను మేనేజరుతో మాట్లాడి వస్తానని, ఆమెను సోఫాలో కూర్చోబెట్టి వెళ్లాడు.

ఆ సోఫా మెత్తగా ఉంది. పైనుంచి ఏసీ గాలి సన్నగా తగులుతోంది. పొద్దుట్నుంచీ ఆమె నడుముకు మెత్తగా ఆనింది ఏదైనా ఉంటే అదే మొదటిది. కళ్లు ఒక్క క్షణం మూసుకుందామనుకుంది.

సేల్స్‌మన్ తిరిగొచ్చి, హ్యాండ్లింగ్ ఛార్జీలు తీసేశామన్నాడు. జవాబు లేదు. నిటారుగా, ఒళ్లో చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. రోజూ నిలబడి పనిచేసే మనిషికి నిద్రలో కూడా వెన్ను వంగలేదు. అతను మళ్లీ లోపలికెళ్లి వచ్చాడు. "మేడమ్, ఇంకొంచెం తగ్గించగలిగాం" అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. అద్దాల గదిలోంచి మేనేజరు మెడ సాచి చూశాడు. నెల ముగిసిపోతోంది, అమ్మాల్సిన కార్ల లెక్కలో ఇంకా ఒకటి తక్కువుంది.

"ఎవర్రా ఆవిడ? మొండిఘటంలా ఉంది. ఇంకో షోరూమ్ రేటు చేతిలో పెట్టుకునే వచ్చుంటుంది" అని, ఆయనే కాఫీ కప్పుతో బయటికొచ్చాడు.

కాఫీ వాసనకు ఆమెకు మెలకువ వచ్చింది. ఎదురుగా టై కట్టుకున్న పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరెండిపోయి మాట రాలేదు. ఆమె ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"సరే మేడమ్. ఇంతకన్నా దిగితే నా ఉద్యోగం పోతుంది" అని ఆయన పెన్ను తీసి, ఉన్న ధర కొట్టేసి కొత్తది రాశాడు. "కాళ్ల కింద వేసే మ్యాట్‌లు కూడా ఊరికే ఇచ్చేస్తున్నాం. ఇంకేమీ అడగొద్దు."

ఆమె ఇంకేమీ అడగలేదు. పాత కారు సంగతి చెప్తే, దానికీ ఉన్నంతలో మంచి ధరే కట్టారు. ధర ఎంతకు దిగితే చాలని అన్నయ్య అనుకున్నాడో దానికన్నా కిందికే దిగింది బేరం.

బయటిదాకా సాగనంపడానికి వచ్చిన సేల్స్‌మన్ ఉండబట్టలేక అడిగాడు. "మేడమ్, మీరేం పని చేస్తారు? కళ్లు మూసుకుని మా మేనేజర్‌ని ఇంత దించినవాళ్లను నేను చూళ్లేదు."

"నిద్రపోయాను నాయనా."

అతను ముందు నమ్మలేదు. తర్వాత గోడ పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, "ఆ మడమ ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుందని అతను చెప్పాడు. అక్కడే మెట్టు అంచు మీద నిలబెట్టి మడమ ఎలా కిందికి దించాలో చూపించింది. బూట్లు మార్చమంది. వారానికి తగ్గకపోతే ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చింది.

ఇంటికెళ్లి అన్నయ్యకు ఫోన్ చేసి కారు కొన్నానని చెప్పింది.

"ఎంతకి?"

చెప్పింది. ఆ అంకెను ఆయన మళ్లీ చెప్పించుకున్నాడు.

"నేను చెప్పినవే అడిగావా?"

"నువ్వు చెప్పినవే అన్నయ్యా."

"ఊఁ. మంచిది" అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఫోన్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చెవిలో జోరీగ పోయిందని హాయిగా ఉండాల్సింది, ఉండలేకపోయింది. చివరికి వదిన చేసింది. "మీ అన్నయ్య అన్నం దగ్గర కూడా నోరు విప్పట్లేదమ్మా. ఆ చొక్కా మడతపెట్టి మళ్లీ బీరువాలో పెట్టేశారు. ఏమైందంటే ఏం లేదంటారు. మీ ఇద్దరికీ ఏమైనా మాటామాటా వచ్చిందా?"

ఆమె ఆ పూటంతా పేషెంట్ల కాళ్లు వంచుతూ అదే ఆలోచించింది. సాయంత్రం సేల్స్‌మన్‌కు ఫోన్ చేసింది. ముందు అతనే, మడమ కాస్త నయంగా ఉందని చెప్పాడు.

"బాబూ, నాకొక సాయం చెయ్యాలి. మ్యాట్‌లు ఇస్తామన్నారు కదా. ఇవ్వనని చెప్పాలి."

"అదేంటి మేడమ్?"

"మా అన్నయ్య వస్తాడు. అడుగుతాడు. నువ్వు కుదరదను. గట్టిగా అను. కాసేపు ఏడిపించి, ఆఖర్న ఇచ్చెయ్."

అతను నవ్వి సరేనన్నాడు. తర్వాత ఆమె అన్నయ్యకు చేసింది. "మ్యాట్‌ల దగ్గర మొండికేస్తున్నారు అన్నయ్యా. నా వల్ల కావట్లేదు. డెలివరీ రోజున నువ్వు రావాలి." అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "అలా ఎలా కుదురుతుంది? నేను చూస్తాలే."

డెలివరీ రోజున అన్నయ్య అదే చొక్కాలో, అదే పెన్నుతో వచ్చాడు. ఆమె భర్త కూడా వచ్చాడుగానీ, బావగారి మాటలకు అడ్డు రాకూడదని కార్ల మధ్య దూరంగా తిరుగుతున్నాడు. సేల్స్‌మన్ తన పాత్ర బాగానే పోషించాడు. మ్యాట్‌లు కంపెనీ లెక్కలో లేవన్నాడు. స్టాకు లేదన్నాడు. మేనేజరు ఊళ్లో లేడన్నాడు. అన్నయ్య మొహంలోకి ఒక్కో మాటకూ రంగు తిరిగొస్తోంది. చివరికి సేల్స్‌మన్ ఓడిపోయినట్టు తల వంచి మ్యాట్‌లు తెచ్చి కారులో పరిచాడు.

అక్కడితో అయిపోవాలి. అన్నయ్య ఆగలేదు.

"చక్రాల వెనక బురద చిందకుండా మడ్ ఫ్లాప్‌లేవి?"

సేల్స్‌మన్ బిత్తరపోయి ఆమె వైపు చూశాడు. ఇది ఒప్పందంలో లేదు. ఆమె చూపు తిప్పేసుకుని డోర్ హ్యాండిల్‌ను తుడవడం మొదలుపెట్టింది. "సార్, అవి నిజంగా మా చేతిలో లేవు" అన్నాడు. ఆ నిజంగా అన్న మాట అన్నయ్య వదల్లేదు. "అంటే ఇందాకటివన్నీ అబద్ధాలా?" అని పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు, కుర్చీ చప్పుడు చేయలేదు. వాన పడితే ఏమవుతుందో, బురద ఎక్కడెక్కడ చేరుతుందో, ఆ బురదకు తుప్పు పట్టిన కారును సర్వీసుకు తెస్తే ఎవరికి తలనొప్పో తాపీగా చెప్పుకొచ్చాడు. సేల్స్‌మన్ లోపలికెళ్లాడు. ఈసారి నిజంగానే మేనేజరు దగ్గరికి. చాలాసేపటికి నాలుగు మడ్ ఫ్లాప్‌లు పట్టుకొచ్చాడు.

భర్త కాలేజీకి టైమైందని బస్సెక్కి వెళ్లిపోయాడు. అన్నాచెల్లెళ్లిద్దరే కొత్త కారులో బయల్దేరారు. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తున్నాయి.

"ఆ మ్యాట్‌లు" అన్నాడు అన్నయ్య, కిటికీలోంచి బయటికి చూస్తూ. "వాడు ముందే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు."

ఆమె గేరు మార్చింది.

"జీవితమంతా అమ్మేవాళ్ల మొహాలే చూశానే నేను. ఇవ్వనివాడు ఎలా ఉంటాడో, ఇవ్వాలని ఉండీ ఆపుకునేవాడు ఎలా ఉంటాడో నాకు తెలీదా? నువ్వే చెప్పావు కదూ?"

సిగ్నల్ దగ్గర ఆపి స్టీరింగు మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆమె చేతుల వంక చూశాడు. బొటనవేళ్ల మొదళ్లు ఉబ్బి ఉన్నాయి. అన్నాళ్లుగా ఆమెను షోరూముల చుట్టూ తిప్పుతూ ఆయన వాటిని గమనించనే లేదు.

"సీటు కవర్ల దగ్గర నేను లేచుండకూడదు" అన్నాడు మెల్లగా. "అప్పుడే అయిపోయేది. ఇన్నాళ్లు బస్సుల్లో తిరగాల్సొచ్చేది కాదు నీకు."

"పోనీలే అన్నయ్యా."

"మడ్ ఫ్లాప్‌లు మాత్రం నావే."

"అవి నీవే. ఒట్టు."

ఆయన కొంచెం నవ్వాడు. ఆమె అలసటగా నవ్వి, ఇంటి దగ్గర దింపనా అని అడిగింది. నువ్వెక్కడికని అడిగాడు. పోస్టుమాస్టరుగారింటికని చెప్పింది. తానూ వస్తానన్నాడు.

అక్కడ కారు నీడన పెట్టి ఇసుక సంచులు దించబోతుంటే, ఆయన రెండూ లాక్కున్నాడు. వద్దన్నా వినలేదు. మొదటి అంతస్తు చేరేసరికి ఆయాసంతో ఆగి, సంచులు మెట్టు మీద పెట్టి తానూ కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆమె కూడా పక్కనే కూర్చుంది. పై అంతస్తులోంచి తలుపు తెరుచుకున్న చప్పుడు, కూతురి గొంతు వినిపించాయి. "నాన్నా, డాక్టరమ్మ వస్తున్నారు."

"రోజూ ఇవి మోసుకుని ఎక్కుతావా?"

"రోజు విడిచి రోజు."

"లిఫ్టు లేని ఇంటివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటున్నావా?"

"లేదు. అందరి దగ్గరా ఒకటే."

అన్నయ్య రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఈసారి నన్ను మాట్లాడనివ్వు" అన్నాడు.

"వద్దన్నయ్యా, దండం పెడతా" అని, ఒక సంచీ తాను తీసుకుని, ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆయన రెండోది పట్టుకుని గొణుక్కుంటూ వెనకే వచ్చాడు.